రోజుకి అరవై చుట్టల మనిషి

లాబుల్లో కొత్తగా చేరిన పిల్లలెవరైనా నన్ను చూడటానికి వస్తే నేను మొదట అడిగే ప్రశ్న ఒకటుంది. "ఫారంలో అలవాట్లు అన్న గడి ఎలా నింపుతున్నారర్రా?" అని. వాళ్ళు తెల్లమొహం వేస్తారు. మిషన్ల గురించి అడుగుతానని అనుకుని వస్తారు పాపం. ఆ గడి నింపడంలో నేను చేసిన ఘనకార్యం చెబితే తప్ప నా ప్రశ్న ఎవరికీ అర్థం కాదు. అందుకే చెబుతున్నాను. పరువు పోతే పోయింది, రిటైరయ్యాక దానితో నాకు పనేముంది?

తొంభైల మధ్యలో సంగతి. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక లోపలి వీధిలో, మేడ మీద మూడు గదుల లాబ్ మాది. పాథాలజిస్టు ఒకరు, ఆయన్ని సార్ అనేవాళ్ళం. టెక్నీషియన్‌ని నేను. డాక్టర్లు తీసి పంపిన కండ ముక్కను మైనంలో పోసి బిళ్ళగా చేయడం, ఆ బిళ్ళను ఉల్లిపొరకన్నా పల్చగా కోసి గాజుపలక మీద పరిచి రంగు వేయడం నా పని. దాన్ని మైక్రోస్కోపులో చూసి ఏ జబ్బో చెప్పడం ఆయన పని. బెజవాడ ఎండలకు మైనం మెత్తబడిపోయేది, అందుకని కోసే ముందు బిళ్ళను ఐసు మీద పెట్టేదాన్ని. ఆ ఐసు చేపల మార్కెట్టు నుంచి వచ్చేది. దాంతో వేసవంతా మా లాబ్ కొర్రమీను వాసన కొట్టేది. పేషెంట్లు ముక్కు మూసుకుంటే, "జబ్బు వాసన కాదండీ, చేపల వాసనే, భయపడకండి" అని చెప్పలేక చచ్చేదాన్ని.

నాకు కోపం ముక్కు మీదే ఉండేది. సార్ నన్ను "ఏవమ్మా కలెక్టరు గారూ" అని పిలిచేవారు. లాబ్‌లో రూల్స్ అన్నీ నావే మరి. మైనం బిళ్ళలు పారేయకూడదు, చెప్పుల డబ్బాల్లో వరసగా పేర్చి చల్లటి గదిలో పెట్టాలి. ఫారంలో తప్పు రాస్తే చెరిపి తెల్లరంగు పూయకూడదు. ఒక గీత కొట్టి, పక్కన సరైన మాట రాసి, దిద్దినవాళ్ళు సంతకం పెట్టాలి. ఇంత నిక్కచ్చి మనిషిని నేను.

అప్పట్లో ముక్క ఉన్న సీసాను పేషెంటే చేత్తో పట్టుకొచ్చేవాడు. అలా ఒకరోజు ఒకాయన గుడ్డ సంచీలో సీసాతో మెట్లెక్కి వచ్చాడు. నలభై అయిదేళ్ళుంటాయి. తెల్లటి పంచె, పొడుగు చేతుల చొక్కా. కుడి చెవి కింద మెడ మీద నిమ్మకాయంత గడ్డ. డాక్టరు చీటీలో "టాన్సిల్ ముక్క, పరీక్షకు" అని తప్ప ఇంకేం లేదు. మిగతాదంతా నేనే అడిగి రాసుకోవాలి. ఆయన గొంతు బాగా వాచి ఉంది. నోట్లో వేడి అన్నం ముద్ద పెట్టుకుని మాట్లాడుతున్నట్టుంది మాట. సగం మింగేస్తున్నాడు, సగం వినిపిస్తోంది. వెనక ఇంకా నలుగురు నిలబడ్డారు. నాకేమో తొందర.

"ఏం పని చేస్తారు?"

ఏదో గొణిగాడు. చివరి మాట ఒక్కటే తెలిసింది. "...చుడతానండి."

"చుడతారా? ఎన్నాళ్ళబట్టి?"

"చిన్నప్పట్నుంచీనండి."

"రోజుకి ఎన్ని?"

"లెక్కేముందండీ. ఓ యాభై, అరవై."

నేను పెన్ను ఆపి ఆయన వంక చూశాను. మా వైపు చుట్టలు చుట్టి అమ్ముకుని బతికే కుటుంబాలు చాలా ఉండేవి. చుట్టలు చుట్టేవాడు తాగకుండా ఉంటాడా? పని గడిలో "చుట్టలు చుట్టడం" అని రాశాను. అలవాట్ల గడిలో "చుట్ట, చిన్నప్పటి నుంచి, రోజుకు 60" అని రాశాను. తాగుతారా అని ఒక్క ముక్క అడగలేదు. మన దగ్గర అలవాట్లున్నాయా అంటే పొగ, మందు అని అందరికీ తెలుసు కదా, ఇంక వేరే అడిగేదేముందని నా ధీమా.

నాలుగు రోజులకు స్లైడు తయారైంది. సార్ దగ్గరికి పంపే ముందు రంగు సరిగ్గా పట్టిందో లేదో నేను ఒకసారి చూసుకుంటాను. చుట్ట, గుట్కా వాళ్ళ గొంతు ముక్కలు నాకు కొట్టిన పిండి. వాటి నిండా గులాబీరంగు ఉంటుంది, మధ్యమధ్య ముత్యాల్లాంటి గుండ్రటి పొరలుంటాయి. ఈయన స్లైడులో ఒక్క ముత్యం లేదు. అంతా ముదురు నీలం. కణాలు ఇరుక్కుని ఇరుక్కుని కూర్చున్నాయి. నీలం రంగులో ఎక్కువసేపు ఉంచానేమోనని నన్ను నేనే తిట్టుకుని, ఇంకో పొర కోసి మళ్ళీ వేశాను. మళ్ళీ నీలమే.

ఆ నీలాన్ని ఎక్కడో చూశాననిపించింది. ఎక్కడో ఏమిటి, రోజూ చూస్తూనే ఉన్నాను! ఆడవాళ్ళ గర్భసంచి మూతి దగ్గర వచ్చే కేన్సర్ ముక్కలు అచ్చం ఇలాగే ఉంటాయి. స్లైడు పట్టుకుని సార్ గదిలోకి వెళ్ళాను.

"సార్, ఇది ఆడవాళ్ళ స్లైడులా ఉంది సార్."

సార్ చూశారు, నవ్వారు. "ఏవమ్మా, ఆయన గొంతులో గర్భసంచి ఉందంటావా?"

"అది కాదు సార్, రంగు చూడండి."

"చూశాను. కేన్సరే. రోజుకి అరవై చుట్టలు తాగేవాడికి రాక ఎవరికొస్తుంది? రిపోర్టు రాస్తున్నాను, నువ్వెళ్ళి ఐసు సంగతి చూడు."

రిపోర్టు వెళ్ళింది. దాని మీద నా అరవై చుట్టలూ వెళ్ళాయి.

వారం తిరక్కుండానే ఆయన భార్య వచ్చింది. సన్నగా, నిటారుగా ఉన్న మనిషి. ఆయన బయట బల్ల మీద కూర్చున్నాడు, గొంతులో ముక్క తీసిన పుండు మానక మాట బొత్తిగా రావడం లేదు. ఆవిడ రిపోర్టు నా ముందు పెట్టింది.

"ఇందులో చుట్టని రాసుందంట గదా అమ్మా. డాక్టరు గారు చదివి మా ఆయన్ని చెడామడా తిట్టాడు. మా నాన్న చుట్ట తాగి తాగి గొంతు పుండుతోనే పోయాడమ్మా. అందుకే మా అమ్మ చుట్ట తాగేవాడికి పిల్లనివ్వనంది. ఈయన ముట్టనని చేతిలో చెయ్యేసి చెప్పి నన్ను చేసుకున్నాడు. ఇరవయ్యేళ్ళయింది. మీరేమన్నా పొరపాటుగా రాశారేమోనని వచ్చాను."

ఆ మాటతో నాకు చిర్రెత్తుకొచ్చింది. నా ఫారంలో పొరపాటా!

"నేనెందుకు కల్పిస్తానమ్మా? ఆయన నోటితో ఆయనే చెప్పాడు. రోజుకి అరవై అని కూడా చెప్పాడు."

ఆవిడ గుమ్మంలోంచి బయటికి చూసింది. బల్ల మీద ఆయన తల అడ్డంగా ఊపుతున్నాడు, చేత్తో గాల్లో ఏదో తిప్పి చూపిస్తున్నాడు. చుట్ట చుట్టడం చూపిస్తున్నాడనుకున్నాను నేను.

"మరి ఇన్నాళ్ళూ వాసన రాలేదేమమ్మా?" అంది ఆవిడ.

ఆ రోజు ఆ లాబ్‌లో తెలివైన ప్రశ్న వేసింది ఆవిడ ఒక్కతే. నేనేమన్నానో తెలుసా? "సోంపు నమిలితే ఏ వాసనా రాదమ్మా, మగవాళ్ళకు వంద ఉపాయాలు" అన్నాను. ఆవిడ రిపోర్టు మడిచి బొడ్లో దోపుకుని వెళ్ళిపోయింది. ఆయన వెనకాలే మెట్లు దిగాడు. వాళ్ళు ఆయనకు గుంటూరులో కరెంటు పెట్టిస్తున్నారని తర్వాత విన్నాను. రేడియేషన్‌ని మా వైపు అలాగే అంటారు.

నన్ను మాత్రం ఆ నీలం వదల్లేదు. ఒక నోటుపుస్తకం కొని, గొంతు ముక్కల్లో నీలంగా వచ్చినవాటి నంబర్లు రాయడం మొదలుపెట్టాను. ఏడాదికి ఒకటో రెండో తగిలేవి, అంతే. అన్నీ టాన్సిల్‌వో, నాలుక మొదట్లోవో. వాటిలో చాలామందికి ఏ అలవాటూ లేదు. బందరు అవతల సముద్రం ఒడ్డున చేపల వ్యాపారం చేసుకునే ఒకాయనైతే, "అలవాట్లా? రోజూ స్నానం చేస్తానండి" అన్నాడు. సార్‌కి చెబితే, "అందరూ అబద్ధాలాడతారమ్మా, నీకు తెలీదు" అనేవారు. అయినా పుస్తకం మానలేదు. ఎందుకు రాస్తున్నానో నాకే తెలియదు. రెండు వేర్వేరు చోట్ల ఒకే ముఖం కనిపిస్తే వాళ్ళు చుట్టాలేమోనని అనుమానం రాదూ? నాదీ అలాంటి అనుమానమే.

ఏళ్ళు గడిచాయి. కొత్త శతాబ్దం వచ్చింది, లాబ్‌కి ఏసీ వచ్చింది, చేపల ఐసు పోయింది. ఒకరోజు సార్ హైదరాబాదులో డాక్టర్ల సమావేశానికి వెళ్ళి వచ్చారు. తన గదిలోకి వెళ్ళకుండా, చేతిలో బ్యాగుతో నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"ఏవమ్మా, నీ నీలం పుస్తకం ఉందా?"

"ఉంది సార్. ఏమైంది?"

"చుట్టాలేనటమ్మా."

కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పారు. గర్భసంచి మూతి దగ్గర కేన్సర్ తెచ్చేది హ్యూమన్ పాపిలోమా వైరస్ అని అప్పటికే తెలుసు. గొంతులో, ముఖ్యంగా టాన్సిల్‌లో, నాలుక మొదట్లో వచ్చే కేన్సర్లలో కొన్నింటికి కూడా అదే కారణమని ఇప్పుడు తేలుతోందట. ఆ వైరస్ చాలా మామూలుదట. దేహ సంబంధం ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి ఎప్పుడో ఒకప్పుడు తగులుతుందట, చాలామందిలో దానంతటదే పోతుందట. ఎవరో కొందరిలో మాత్రం ఏళ్ళ తరబడి కిమ్మనకుండా కూర్చుని చివరికి ఇలా బయటపడుతుందట. "మన దగ్గర గొంతు కేన్సర్లలో ఎక్కువ పొగాకువేనమ్మా, అందులో తేడా లేదు. కానీ ఆ కొన్ని వేరే జాతి. కరెంటుకి బాగా లొంగుతాయట కూడా" అన్నారు. ఆ వైరస్‌కు ఇప్పుడు టీకా వచ్చింది, పిల్లలకు వేయిస్తున్నారు. అప్పుడు మాకు అదంతా కొత్త.

చెప్పుల డబ్బాలు దించాను. నా పుస్తకంలోని నంబర్ల ప్రకారం బిళ్ళలు తీసి, పరీక్షకు బయటి ఊరి పెద్ద లాబ్‌కి పంపాం. వైరస్ పని జరిగిన చోట గోధుమరంగు పట్టే పద్ధతి ఒకటుంది. అందులో తేలినవాటికి మళ్ళీ వైరస్ కోసం వేరే పరీక్ష చేస్తారు. ఫలితాలు వచ్చిన రోజు ఇద్దరం స్కూలు పిల్లల్లా కవరు చింపుకున్నాం. కొన్ని తేలలేదు, కొన్ని తేలాయి. అన్నింటికన్నా గట్టిగా తేలింది నా మొదటి నంబరు. అరవై చుట్టలాయనది.

"రెండూ ఉండొచ్చమ్మా. చుట్టా ఉండొచ్చు, వైరసూ ఉండొచ్చు" అన్నారు సార్.

ఉండొచ్చు. కానీ ఆ స్లైడులో పొగాకు జాడ నాకు ఎప్పుడూ కనిపించలేదు. అది పంటి కింద రాయిలా ఉండిపోయింది.

రాయి ఊడింది చేనేత ఎగ్జిబిషన్‌లో. చీర కొందామని వెళ్ళాను. ఒక స్టాలు ముందు, జనం చూడటానికని మగ్గం పెట్టారు. ఒకావిడ నేస్తోంది. పక్కన ఆమె భర్త చిన్న రాట్నం తిప్పుతూ, మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే చిన్న గొట్టాలకు, అదే కండెలకు, నూలు చుడుతున్నాడు.

"మీరు నెయ్యరా?" అని ఊరికే అడిగాను.

"నేసేది మా ఆవిడండి. నేను చుడతానండి" అన్నాడతను.

"రోజుకి ఎన్ని?" అని అడిగాను.

"లెక్కేముందండీ. ఓ యాభై, అరవై."

అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడ్డాను. నీళ్ళు కావాలా అని అతను కంగారుపడ్డాడు. ఆనాడు గుమ్మం అవతల బల్ల మీద కూర్చుని అరవై చుట్టలాయన గాల్లో తిప్పిన చెయ్యి కళ్ళ ముందు కనిపించింది. అది రాట్నం! మర్నాడు పొద్దున్నే పాత ఫారం తీశాను. చిరునామాలో చల్లపల్లి దాటాక ఒక ఊరి పేరు, దాని పక్కన నా దస్తూరీతోనే "చేనేత సంఘం వీధి" అని ఉంది. నేనే రాశాను. రాసి, చదవలేదు.

వెళ్ళి చెబుతానన్నాను. సార్ వద్దన్నారు.

"ఆలోచించమ్మా. చుట్ట కాదని చెబుతావు, సరే. మరి ఎందుకొచ్చిందని అడుగుతారు. వైరస్ అంటావు. ఎలా వస్తుందంటారు. చెబుతావు. ఆవిడ ఆయన్ని పట్టుకుని ఎక్కడ తిరిగొచ్చావని అడిగితే? ఒక మచ్చ తుడవబోయి ఇంకోటి అంటిస్తావు."

"తప్పు రాసింది నేను సార్. ఆవిడ ముందు సాక్ష్యం చెప్పిందీ నేనే."

సార్ కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. "అయితే తెలిసినంతే చెప్పు. తెలియనిది తెలియదను" అన్నారు.

ఫారం సంచీలో పెట్టుకుని కృష్ణ ఒడ్డు కరకట్ట మీది బస్సెక్కాను. దారంతా ఒకటే భయం, అసలు ఆయన ఉన్నాడో లేడో అని. తొమ్మిదేళ్ళు దాటింది. వీధి మొదట్లో ఇల్లు అడిగితే చూపించారు. వసారాలోకి అడుగుపెట్టేసరికి రాట్నం చప్పుడు వినిపించింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆయన చిక్కిపోయాడు. మెడ ఒక పక్క చర్మం నల్లగా, గట్టిగా ఉంది. పక్కన గ్లాసులో నీళ్ళు, నాలుగు తిప్పులకొకసారి ఒక గుక్క. కరెంటు పెట్టాక నోట్లో తడి ఊరదు. ఆవిడ గుంట మగ్గంలో కూర్చుని ఉంది. నన్ను చూసి చెయ్యి ఆపింది. గుర్తుపట్టింది.

"మీరు లాబ్ మేడమ్ గారు కదూ. అరవై చుట్టలు."

"ఆ సంగతే చెప్పడానికి వచ్చానమ్మా. తప్పు నాది. ఆయన ఆ రోజు చుడతానన్నాడు. కండెలు. నేను చుట్టలనుకున్నాను. తాగుతారా అని అడగనే లేదు. అడగకుండా రాశాను. మీరొచ్చి అడిగితే కూడా ఒప్పుకోకుండా ఆయన మీదే నెట్టాను."

ఆవిడ ముందు నవ్వింది, "కండెలా" అని. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ పైన మొగుడి వైపు తిరిగింది.

"నువ్వు ముట్టలేదంటున్నా నమ్మక తొమ్మిదేళ్ళు నీ చొక్కాలు వాసన చూశానయ్యా. ఉతికే ముందు ప్రతి చొక్కా. జేబులు వెతికాను. సోంపు కనిపిస్తే పారేశాను."

"తెలుసు" అన్నాడాయన. గొంతు బొంగురుగా ఉంది, కానీ మాట స్పష్టంగా ఉంది. "సోంపు తినడం నేనే మానేశా."

నేను తల ఎత్తలేకపోయాను. ఆ సోంపు కూడా నాదే.

కాసేపటికి ఆవిడ అడగనే అడిగింది. "మరి దేనివల్ల వచ్చినట్టమ్మా?"

తెలిసినంతా చెప్పాను. ఒక వైరస్ అని, ఆలుమగల మధ్య కూడా పాకేదేనని, ఎవరికి ఎప్పుడు తగిలిందో, ఎవరి నుంచి ఎవరికి వెళ్ళిందో ఏ పరీక్షా చెప్పలేదని, పాతికేళ్ళ కిందటిదైనా కావచ్చని. ఇది వచ్చినంత మాత్రాన మనిషి తప్పు చేశాడని కాదని రెండుసార్లు చెప్పాను. చెబుతూ ఆవిడ ముఖమే చూస్తున్నాను. సార్ భయపడిన ప్రశ్న ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని.

వచ్చింది వేరే ప్రశ్న.

"ఆడవాళ్ళకి గర్భసంచి మూతి దగ్గర వచ్చేదీ అదేనా? నాకు ఆరేళ్ళ కిందట అక్కడేదో మారుతోందని మొత్తం తీసేశారు." ఆవిడ గొంతు తగ్గిపోయింది. "అయితే నేనే అంటించానా అమ్మా ఈయనకి?"

నేను నోరు తెరిచే లోపే ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"నువ్వే ఇచ్చావో, నేనే తెచ్చానో. ఆవిడ తెలీదంటుంటే వినవేం? లేని చుట్టతో తొమ్మిదేళ్ళు కాపురం చేశావు. దీంతో చెయ్యలేవా?"

ఆవిడ ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు. ఆయన మా ఇద్దరినీ చూసి ఇబ్బందిగా నీళ్ళు తాగాడు.

ఆ తర్వాత ఆవిడ ముఖం తుడుచుకుని చెయ్యి చాపింది. "ఏదమ్మా ఆ కాగితం? అందులో చుట్ట ఎక్కడుంది?"

చూపించాను, రెండు గడుల్లో. నా చేతిలో పెన్ను తీసుకుని ఆవిడే కొట్టేసింది. ఒక గీత చాలు అన్నాను, వినలేదు. కాగితం చిరిగింది. పక్కన నేను "కండెలకు నూలు చుట్టడం. ఏ అలవాటూ లేదు" అని రాసి సంతకం పెట్టాను.

"మీ సంతకం దేనికి?"

"దిద్దినవాళ్ళు పెట్టాలమ్మా. అది మా రూలు."

"దిద్దింది నేను గదా" అని ఆవిడ, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, నా సంతకం కింద తన పేరు రాసింది. రాసి, కాగితం మొగుడి ముందు పెట్టి పెన్ను అందించింది.

ఆయన పెన్ను తీసుకోలేదు. రాట్నం మీద చెయ్యి వేశాడు.

"నాదెందుకు? నేను మొదటిరోజే చెప్పాను గదా" అన్నాడు.